పద్నాలుగో నంబరు హద్దు రాయి

2023 జనవరి. కడప నుంచి కర్నూలు పోయే రోడ్డులో మైదుకూరు దాటిన తర్వాత, చేలు చదును చేసి వేసిన ఒక వెంచర్‌లో ప్లాటు చూడమని బ్యాంకు వాళ్లు నాకు పని అప్పజెప్పారు. మూడు సెంట్ల జాగా, పద్నాలుగో నంబరు. కొనబోయే ఆమె పేరు మస్తాన్‌బీ. అరగంటలో అయిపోయే పని. నా ఇరవై మూడేళ్ల వృత్తిలో అట్లాంటివి ఎన్ని చూశానో లెక్క లేదు. ఆ అరగంట పనే ఇప్పటికీ నాకు మింగుడు పడటం లేదు.

నేను సివిల్ ఇంజనీరును, వృత్తి వాల్యూయర్. ఎవరైనా ఇంటికో జాగాకో లోను అడిగితే, ఆ ఆస్తి నిజంగా ఉందా, హద్దులు సరిపోయాయా, ఎంత విలువ చేస్తుంది అని స్వయంగా పోయి చూసి, కొలిచి, ముద్ర వేసి రాసిచ్చేవాడే వాల్యూయర్. బ్యాంకు మేనేజరు ఆ నేల మీద కాలు పెట్టకపోవచ్చు. మా కాగితం చూసే ఆయన లోను ఇస్తాడు. ఈ పని చేయడానికి నాకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉంది. ఆ నంబరు నా ముద్రలో, నా పేరు కిందే ఉంటుంది. ఆ నంబరంటే నాకు కాస్త గర్వం కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

మా పనిలో ఒక అలవాటుంది, బయటివాళ్లకు తెలియదు. జాగాను మాకు ఎవరో ఒకరు చూపించాలి. ఇల్లయితే తలుపు మీద నంబరుంటుంది, పక్కింటివాళ్లుంటారు. ఖాళీ ప్లాట్లకు ఏముంటుంది? ఎర్రమట్టి, కంప చెట్లు, నంబరు రాసిన రాళ్లు. అందుకని మా రిపోర్టులో ఒక గడి ఉంటుంది: ఆస్తిని గుర్తించి చూపినవారు. అక్కడ అమ్మేవాడి పేరో, ఏజెంటు పేరో రాసి ముందుకు పోతాం. నేనూ ఏళ్ల తరబడి అట్లాగే రాశాను. ఆ గడిని ఒక్కసారి కూడా అనుమానంగా చూసింది లేదు.

ఆ వెంచర్ ఏజెంటు పేరు ఓబులేసు. నలభై దాటిన మనిషి, నవ్వు ముఖం, మాట తేనె. భూమి యజమానులు వేరే ఊళ్లో ఉంటారు. అమ్మకం, సంతకాలు, అన్నీ వాళ్లిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ మీద ఇతనే చేస్తాడు. ఒకప్పుడు ఏజెంటు కావాలంటే చేతిలో ఫోనుండి, టీ అంగడి ముందు నిలబడితే చాలు. రియల్ ఎస్టేట్‌ను అదుపు చేసే రెరా చట్టం వచ్చాక అట్లా కుదరదు. వెంచర్లు అమ్మిపెట్టేవాడు రాష్ట్ర అథారిటీ దగ్గర పేరు నమోదు చేసుకుని నంబరు తెచ్చుకోవాలి. ఓబులేసు తెచ్చుకున్నాడు. తన ఆఫీసులో అహోబిలం స్వామి పటం పక్కనే ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి పెట్టాడు. అగరుబత్తి పొగ రెండింటికీ సమానంగా తగిలేది. నేను కుర్చీలో కూర్చుని ఆ నంబరును ఫోనులో వెతికి చూశాను. నిజమైనదే. సరే, పద్ధతి గల మనిషి అనుకున్నాను.

ఆ రోజు అతని కార్లోనే పోయాం. మస్తాన్‌బీ ముందే వచ్చి ఎండలో నిలబడి ఉంది. ప్రొద్దుటూరులో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి. చీర కొంగు తల మీద కప్పుకుని, చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో కాగితాలు.

"ఇదే సార్ ఆయమ్మ జాగా. చూడండి, పద్నాలుగు," అని ఓబులేసు రాయి చూపించాడు. తెల్లరంగు మీద నీలం అంకె. పక్క రాళ్ల మీద పదమూడు, పదిహేను. అతనిచ్చిన ప్లాను జిరాక్సులోనూ అదే వరుస. సేల్ అగ్రిమెంటులో హద్దులు చదివాను. తూర్పు రోడ్డు, పడమర ఖాళీ స్థలం, ఉత్తరం, దక్షిణం పక్క ప్లాట్లు. తలెత్తి చూస్తే తూర్పున రోడ్డుంది, పడమర ఖాళీగా ఉంది. ఇంకేం కావాలి?

టేపు తీశాను. "సార్, బాగా కొల్చండి. మూడు సెంట్లు నిండా ఉండాదా?" అని మస్తాన్‌బీ నా వెనకాలే నడిచింది.

"ఉందమ్మా. ఇంకో అరడుగు ఎక్కువే ఉంది."

"పన్నెండేండ్లుగా బాడుగింట్లో ఉండాం సార్. నాలుగిండ్లు మారినాం. మిషన్ శబ్దం అని ఒకరు, పిల్ల అల్లరి అని ఒకరు. మాదంటూ ఒకటుంటే రేయింబగళ్లు కుట్టుకుంటా."

అదే ఆమెకు కావలసింది. ఎవరూ లేచిపొమ్మనని ఒక గది, దాంట్లో మిషను. నేను ఫోటోలు తీసుకున్నాను, రిపోర్టు రాశాను, గుర్తించి చూపినవారి గడిలో ఓబులేసు పేరు వేశాను, ముద్ర కొట్టాను. బ్యాంకు లోను ఇచ్చింది. రిజిస్ట్రేషన్ అయిందని ఆమె ఫోను చేసి చెప్పింది. ఆ సంగతి అంతటితో మరిచిపోయాను.

జూన్‌లో వేరే బ్యాంకు బ్రాంచి నుంచి ఇంకో పని వచ్చింది. అదే వెంచర్, ఇరవై రెండో నంబరు ప్లాటు. కొనేవాడు దావీదు అనే పెద్దాయన. హాస్టల్లో వంట చేసి రిటైరయ్యాడు. మళ్లీ ఓబులేసే వచ్చాడు, మళ్లీ అతని కారే. ఈసారి కారు వెనక దారి నుంచి తిప్పి తెచ్చాడు. ముందు దారిలో గుంతలు పడ్డాయన్నాడు. కంప చెట్ల మధ్యగా వంకర టింకరగా పోయి దిగేసరికి, నిజం చెప్పాలంటే, నాకు దిక్కు తెలియలేదు.

"ఇదే సార్ మా పెద్దాయన జాగా," అన్నాడు ఓబులేసు. రాయి మీద ఇరవై రెండు.

దావీదు ఆ రాయి పక్కన నిలబడి, టోపీ తీసి, కళ్లు మూసుకుని లోలోపల ఏదో ప్రార్థన చేసుకున్నాడు. ఆయన ముగించేదాకా నేను టేపు తీయలేదు. తర్వాత టేపు మొదటి కొస రాయికి ఆనించడానికి వంగాను.

నాకు ఒక అలవాటుంది. కొత్తలో నాకు పని నేర్పిన సర్వేయరు దగ్గర అబ్బింది. టేపు సున్నా ఏ రాయి దగ్గర పెట్టానో ఆ రాయి అడుగున, మట్టికి జానెడు పైన, ఎర్ర మైనం పెన్సిలుతో చిన్న బాణం గుర్తు గీస్తాను. మళ్లీ కొలవాల్సి వస్తే అక్కడి నుంచే మొదలుపెట్టడానికి. ఎవరి కంటా పడదు.

ఆ రాయి అడుగున నా బాణం ఉంది.

ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. ఈ ప్లాటు నేనెప్పుడు కొలిచాను? ఇక్కడికి ఎప్పుడు వచ్చాను? తలెత్తి చూశాను. తూర్పున రోడ్డు. పడమర ఖాళీ. అదే ఖాళీ. మస్తాన్‌బీ నా వెనకాల నడిచిన నేల. జేబులోంచి బండి తాళంచెవి తీసి రాయి మీది అంకెను గీకాను. నీలం రంగు కింద తెలుపు లేచింది. తెలుపు కింద మళ్లీ నీలం, అందులో సగం కనిపించే పద్నాలుగు. దాన్ని కూడా గీకితే కింద ఇంకో తెలుపు, ఇంకో నీలం. ఆ మూడో అంకె ఏమిటో చదవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ పొరలకు ఫోటోలు తీసుకున్నాను.

"ఏం సార్, రాయిని పట్టుకోని గీకుతాండారు?" అన్నాడు ఓబులేసు, నవ్వుతూనే.

"ఇది పద్నాలుగు కదా. జనవరిలో నాకు చూపించింది ఇదే కదా?"

"రాళ్లన్నీ ఒకటే మాదిరుంటాయి సార్."

"గుర్తు నాది. నా చేత్తో గీసింది."

అప్పుడు నేను చేసిన పని జనవరిలోనే చేసి ఉండాల్సింది. ఫోను తీసి అథారిటీ వెబ్‌సైటులో ఆ వెంచర్ ప్లాను తెరిచాను. ఆమోదం పొందిన అసలు ప్లాను అక్కడ ఎవరైనా చూసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు వెతికి చూసినవాణ్ణి, ప్లాను మాత్రం ఏజెంటు చేతి జిరాక్సులో చూశాను. జిరాక్సులో పద్నాలుగు ఉన్న వరుస అసలు ప్లానులో లేనే లేదు. ఇరవై రెండూ ఆ వరుసలోదే. జిరాక్సులో ఒక వరుస అదనంగా గీసి, మిగతా నంబర్లన్నీ దానికి తగ్గట్టు జరిపారు. ఆ వరుస ఉన్నచోట అసలు ప్లానులో ఒక గీత, గీత పక్కన వదిలిపెట్టిన జాగా.

దావీదును అక్కడే ఉండమని చెప్పి ఆ గీత ఉన్న వైపుకు నడిచాను. ఓబులేసు నా వెంటే వచ్చాడు. రెండు వందల అడుగులు పోయాక నేల లోపలికి దిగింది. ఇసుక, గుండ్రాళ్లు, ఒడ్డున వేర్లు తేలిన కంప చెట్లు. వంక అది. ఎండిన వంక. దాని గర్భంలో, ఇసుకలో, వరుసగా రాళ్లు పాతి ఉన్నాయి. ఒకదాని మీద పద్నాలుగు.

మస్తాన్‌బీ కొన్నది అది.

"ఇది వంక కదయ్యా!" అని అరిచాను. నాకు అంత గొంతుందని నాకే తెలియదు.

ఓబులేసు నవ్వు ఆపాడు, కోపం మాత్రం తెచ్చుకోలేదు. నిదానంగా బీడీ వెలిగించుకున్నాడు. "మీరు ఈ సీమలో పుట్టినోళ్లే కదా సార్. ఈ వంక పారేది ఎప్పుడన్నా చూసినారా? నీళ్లు యాడ వస్తాయి? వానే లేదు."

"ఒక్కసారి వస్తే చాలదా?"

"కట్టుకునేటప్పుడు సర్వేలో రవ్వంత జరిగిందని చెప్తాం. మొదట గొణుగుతారు, తర్వాత సర్దుకుంటారు. శానా మంది సర్దుకున్నారు సార్."

శానా మంది! ఎంతమందికి ఆ ఒక్క మంచి జాగా చూపించాడో? ఎంతమంది వాల్యూయర్లు దాన్ని కొలిచారో? "నేను రిపోర్టు చేస్తాను. నీ లైసెన్సు పోతుంది," అన్నాను.

అతను నా వైపు చూసిన చూపులో జాలి ఉంది. ఇప్పటికీ ఒళ్లు మండేది ఆ జాలికే.

"చేయండి సార్. మస్తాన్‌బీ కాగితం మీద సంతకం ఎవురిది? ముద్ర ఎవురిది? నేను నోటితో చూపించినా. మీరు కొల్చి రాసిచ్చినారు. బ్యాంకు నా మాట విని లోను ఇచ్చిందా, మీ కాగితం చూసి ఇచ్చిందా?"

అతను అబద్ధం ఆడి ఉంటే గట్టిగా కొట్టిపారేసేవాణ్ణి. అతను చెప్పింది అక్షరాలా నిజం. ఎండలో, ఆ ఇసుకలో నిలబడి, నా సగం వయసు కూడా లేని ఒక కంప చెట్టును పట్టుకుని ఊపిరి తీసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో అతని కారెక్కలేదు. దావీదుకు సంగతంతా చెప్పి, ఇద్దరం రోడ్డుదాకా నడిచి బస్సెక్కాం. ఆయన ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదు. "దేవుడు మీ కంటికి చూపించినాడప్పా," అని నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు సిగ్గేసింది. దేవుడు జనవరిలోనూ అక్కడే ఉన్నాడు, నేనే చూడలేదు.

ఆ సాయంత్రమే ప్రొద్దుటూరు పోయాను. మస్తాన్‌బీ వాకిట్లో మిషను వేసుకుని కుడుతోంది. నన్ను చూసి లేచి స్టూలు వేసింది. "సార్, మీరే వచ్చినారే. వచ్చే నెలలో పునాది తీద్దామనుకుంటాండాం. ఓబులేసు పర్మిషన్ రాలేదని జరుపుతానే ఉండాడు," అంది సంతోషంగా.

చెప్పాను. మెత్తగా చెప్పడం ఎట్లాగో బస్సులో గంటసేపు ఆలోచించినా నాకు తోచలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. రాయి, రంగు, వంక.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. కుడుతున్న చొక్కా కాలరు సూది కిందే ఉండిపోయింది. నన్ను అడిగింది.

"మీరు కొల్చినారు కద సార్?"

"కొలిచానమ్మా."

"నా కండ్లముందర కొల్చినారు. నేను మీ వెనకాలే తిరిగినా."

"అవునమ్మా. అతను చూపించిన జాగాను..."

"ఓబులేసును నేనెప్పుడు నమ్మినా?" ఆమె గొంతు అప్పుడు లేచింది. "వాని నవ్వు చూస్తేనే మా అత్త వద్దనింది. బ్యాంకు సారు వస్తాడు, ఇంజనీరు, టేపుతో కొలుస్తాడు, ఆయన సరే అంటేనే కొందాం అని నేనే ఆయమ్మకు చెప్పినా. మీరు ఉందమ్మా అన్నారు. అరడుగు ఎక్కువే ఉండాదన్నారు. మిమ్మల్ని చూసి కొన్నా సార్ నేను!"

ఇన్నేళ్లుగా నా రిపోర్టు బ్యాంకుకు రాస్తున్నాననుకున్నాను. పక్కన నిలబడి నా టేపునే చూస్తున్న మనిషి ఒకరుంటారని, నా నోట్లోంచి వచ్చే ఒక్క మాట మీద వాళ్ల బతుకంతా పెడతారని ఒక్కనాడూ తట్టలేదు. ఆ వాకిట్లో నేను దోషిని, ఓబులేసు కాదు. ఓబులేసు మోసగాడని ఆమెకు ముందే తెలుసు.

తర్వాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. అథారిటీలో ఆమె వేసిన ఫిర్యాదు విచారణకు వచ్చింది. నేను పోయి సాక్ష్యం చెప్పాను. మూడు పొరల రంగు ఫోటోలు, నా బాణం గుర్తు, రెండు ప్లాన్లు పెట్టాం. ఓబులేసు రిజిస్ట్రేషన్ రద్దయింది. వెంచర్ యజమానులు ఆమె సొమ్ము వడ్డీతో తిరిగివ్వాలని ఆదేశం వచ్చింది. వాళ్లు వాయిదాలు అడుగుతూ ఇప్పటికి కొంత ఇచ్చి, కొంత ఆపారు. ఆమె ఇంకా బాడుగింట్లోనే ఉంది, అది ఐదో ఇల్లు. బ్యాంకు నన్ను తన ప్యానెల్ నుంచి, అంటే పని ఇచ్చే వాల్యూయర్ల జాబితా నుంచి, తీసేసింది. అది న్యాయమే. ఇప్పుడు వేరేవాళ్లు ఇచ్చే వాల్యుయేషన్ పనులతో బతుకుతున్నాను. ఎక్కడికి పోయినా నా బండి మీద పోతాను, ప్లాను నేనే తెచ్చుకుంటాను, మెయిన్ రోడ్డు మూల నుంచి ఒక్కొక్క ప్లాటూ లెక్కపెట్టుకుంటూ నడుస్తాను. గుర్తించి చూపినవారి గడిలో ఇప్పుడు నా పేరే రాస్తాను.

ఇదంతా కష్టపడితే నేర్చుకోగలిగేదే. నన్ను నిజంగా కుదిపింది ఫిర్యాదు రాసిన రోజు.

నేను ప్రొద్దుటూరు పోయొచ్చిన వారానికి మస్తాన్‌బీ మా ఆఫీసుకు వచ్చింది. ఆన్‌లైన్‌లో ఎక్కించే ముందు తెల్లకాగితం మీద చిత్తు రాసుకుందామన్నాను. ఓబులేసు పేరు, అతని రెరా నంబరు, జరిగింది జరిగినట్టు రాశాను. చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా వింది.

"ఆ నంబరు లేకపోయుంటే వాన్ని పట్టుకునేదానికి అయ్యుండదు, కదా సార్?" అంది.

"అవునమ్మా. నంబరుంది కాబట్టే అడిగేవాళ్లున్నారు. నంబరు లేని ఏజెంటయితే పోలీసు స్టేషను చుట్టూ తిరగడమే."

"మీకూ నంబరు ఉండాదా?"

"ఉంది."

ఆమె నా ముఖంలోకే చూసింది. కోపం లేదు. లెక్క ప్రకారం అడుగుతున్న మనిషి చూపు. "అట్లయితే మీ మీద కూడా రాయల్ల కదా సార్. యాడికి పంపల్లో మీకే తెలుసు."

తెలుసు. ఒకటి బ్యాంకుకు, ఒకటి నన్ను నమోదు చేసిన సంస్థకు. ఇంకో తెల్లకాగితం తీసుకున్నాను. నా మీద ఫిర్యాదు నేనే రాశాను. స్థలాన్ని తనంతట తాను గుర్తించకుండా ఏజెంటు చూపినదాన్నే కొలిచాడని, అసలు ప్లాను చూడలేదని, నిర్లక్ష్యమని. ఒక్క మాట కూడా తగ్గించలేదు. కింద నా పేరు, నా రిజిస్ట్రేషన్ నంబరు వేసి ఆమె ముందుకు జరిపాను. ఎంత నిజాయితీగా రాశాను అనే తృప్తి కూడా లోపల ఒక మూల ఉండింది, ఒప్పుకోవాలి.

మస్తాన్‌బీ సంచిలోంచి పాత వాల్యుయేషన్ రిపోర్టు తీసింది. మడతలు విప్పి, నా ముద్ర ఉన్న చోట వేలు పెట్టింది. ఇంకో వేలు నా కొత్త కాగితం మీద పెట్టింది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, అంకెలు మాత్రం బాగా వచ్చు. కొలతలతో బతికే మనిషి కదా. రెండు వేళ్లూ ఒక్కొక్క అంకె మీద కదుపుతూ, పెదవులు ఆడిస్తూ పోయింది. చివరి నుంచి రెండో అంకె దగ్గర ఆగింది.

"సార్, ఈడ తప్పు రాసినారు."

చూశాను. నిజమే. ఇరవై ఏళ్లుగా రోజూ రాసే నా నంబరు. నిద్రలో లేపి అడిగినా చెప్పే నంబరు. తప్పు రాశాను. ఆ కాగితం అట్లాగే పోయి ఉంటే ఫిర్యాదు నన్ను చేరేది కాదు.

కావాలని రాయలేదు. ఒట్టు పెట్టి చెప్పగలను. కానీ నా చెయ్యి ఆ ఒక్క అంకె దగ్గరే ఎందుకు జారింది? జనవరిలో ప్లాను తెరిచి చూడకపోవడం కూడా నేను కావాలని చేయలేదు మరి.

ఆమె పెన్ను నా చేతికిచ్చి, నేను దిద్దేదాకా అంకె మీద నుంచి వేలు తీయలేదు.